మీ వీధిలోనే ఉన్నాడు

ఫోను మోగేసరికి నేను మేడ మీద మా ఆయన యూనిఫారం చొక్కా ఆరేస్తున్నాను. పెళ్ళి కొత్త కదా, ఆ చొక్కా జేబు మీద కుట్టిన కంపెనీ గుర్తు చూసినా నాకు ముద్దొస్తుంది. ఫోను మా కాల్ సెంటర్ నుంచి. కొత్తగా చేరుతున్న బ్యాచ్‌కి మాటతీరు నేర్పే ట్రైనర్‌గా నన్ను వేశారట. తడి చేతులతోనే మెట్లు దిగి అత్తయ్యకి చెప్పాను.

"ఇన్నాళ్ళూ మాట్లాడినందుకు జీతమిచ్చారు, ఇక మాట్లాడించినందుకు ఇస్తారా? మా కాలంలో నోర్మూసుకో అనేవాళ్ళు, అదీ ఊరికే," అంది ఆవిడ. అంటూనే పక్కింటివాళ్ళకి చెప్పడానికి చెప్పులేసుకుంది.

మా ఇద్దరిదీ ఒకే కంపెనీ. ఆయన ఇంటింటికీ తిరిగి వాషింగ్ మెషీన్లు బాగుచేస్తారు. అవి పాడైనవాళ్ళు చేసే ఫోన్లు నేను ఎత్తుతాను. ఆయన చేతికి గ్రీజు, నా చెవికి తిట్లు అని ఇద్దరం నవ్వుకుంటాం.

మధ్యాహ్నం షిఫ్టుకి గాల్లో తేలుతూ వెళ్ళాను. మా మేనేజరుని అందరం తేనె సారు అంటాం. తిట్టినా తేనె రాసి తిడతాడు. నేను నేర్పాల్సిన మాటలు స్క్రీన్ మీద చూపించాడు. టెక్నీషియన్ ఎక్కడ అని కస్టమర్ అడిగితే, "యాజ్ ఎ మేటర్ ఆఫ్ ఫ్యాక్ట్, ఇప్పుడు మీ వీధిలోనే ఉన్నాడు" అనాలి. ఆ ఇంగ్లీషు ముక్క తప్పకుండా ముందుండాలి. కొన్నాళ్ళుగా కొందరితో అనిపించి చూశారట. అది చెవిన పడగానే జనం చల్లబడుతున్నారట.

నిజంగా ఆ వీధిలో లేకపోతే ఎలా అని అడిగాను.

"ఏదో ఒక వీధిలో ఉంటాడు కదమ్మా," అన్నాడు సారు.

నవ్వు ఆపుకున్నాను. కాలేజీలో మా ఇంగ్లీషు మేడమ్ ఈ మాట మీద ఒక పీరియడంతా గడిపారు. ఎదుటివాళ్ళు ఒకటి అనుకుంటుంటే, జరిగింది వేరని చెప్పేటప్పుడు వాడతాం. నిన్న పెళ్ళికి రాలేదట కదా అని ఎవరైనా అంటే, నిజానికి వచ్చాను, మీరే చూడలేదు అంటాం చూడండి, ఆ 'నిజానికి' ఇదే. అడిగినదానికి ఇంకో నిజం కలపడానికీ పనికొస్తుంది. మీ ఇల్లు దగ్గరేనా అంటే, దగ్గరేమిటి, ఈ కిటికీలోంచి కనిపిస్తుంది అన్నట్టు. ఎలా వాడినా దాని వెనక జరిగిన సంగతంటూ ఒకటి ఉండాలి. లేకపోతే అది ఉత్త డప్పు.

సారుకి అదే చెప్పాను. అది సెంటు లాంటిదమ్మా, కాస్త చల్లుకుంటే చాలు, అర్థాలు వెతక్కూడదు అన్నాడు. నాకు ఇబ్బందైతే పక్క సీటు అమ్మాయి సిద్ధంగా ఉందని కూడా అన్నాడు, ఆ తేనె గొంతుతోనే.

టీ విరామంలో మా ఆయనకి ఫోన్ చేశాను. పనేం లేదు, గొంతు వినాలనిపించింది. ఆయన ఎత్తారు గానీ నాతో మాట్లాడే వీల్లేకపోయింది. అవతల ఒకావిడ కేకలేస్తోంది. ఆవిడ టైలరు. పొద్దున మా ఆఫీసుకి ఫోన్ చేస్తే, మీ వీధిలోనే ఉన్నాడన్నారట. ఈయన వస్తాడని, కుట్టిన బట్టలు ఇవ్వడానికి కూడా వెళ్ళకుండా బాల్కనీలో కాపు కాసిందట. వీధిలో ఉన్నవాడికి ఇల్లు కనబడలేదా, కళ్ళు నెత్తికెక్కాయా అని నిలదీస్తోంది. పొద్దున ఆయన ఊరి ఆ చివర ఎవరిదో మెషీన్ డ్రమ్ము విప్పుతున్నారు. ఆ మాటే చెప్పారు. ఆవిడ నమ్మలేదు. నిజం చెప్పిన మనిషి అబద్ధాలకోరయ్యాడు, అబద్ధం చెప్పినవాళ్ళం ఏసీలో కూర్చున్నాం.

నాకు ఒళ్ళు మండింది. టీ వదిలేసి సారు గదిలోకి వెళ్ళాను.

"ఆ మాట నేర్పుతాను సార్. కానీ ముందు టెక్నీషియన్‌కి ఫోన్ చేసి, ఎక్కడున్నాడో కనుక్కున్నాకే అనమని నేర్పుతాను. వీధిలో ఉంటే వీధిలో అని, ఊరవతల ఉంటే ఊరవతల అని."

"ఒక్కో కాల్ ఎంతసేపు పడుతుందో తెలుసా అమ్మా?"

"వాళ్ళు మళ్ళీ చేసి తిట్టే కాల్ కన్నా తక్కువే సార్."

"మీ ఆయన కోసం అంటున్నావు."

"ఆయన కోసమే అనుకోండి. గుమ్మంలో నిలబడి మాటలు పడేది మనం కాదుగా. అబద్ధమే నేర్పాలంటే ఆ పోస్టు నాకొద్దు."

సారు నోట తేనె ఇంకిపోయింది. కాసేపు పెన్ను మూత తీసి, పెట్టి, చివరికి రేపటి క్లాసు నన్నే తీసుకోమన్నాడు. తను వచ్చి కూర్చుంటాడట. నచ్చకపోతే ఎల్లుండి నుంచి మళ్ళీ నా పాత హెడ్‌సెట్టే. సరేనన్నాను. అన్న మాట వెనక్కి తీసుకోవాలని మాత్రం అనిపించలేదు.

సాయంత్రం ఇంట్లో చెప్పాను. మా ఆయన అన్నం కలుపుతూ ఆగిపోయారు. "నాకిది మామూలేనోయ్. వచ్చిన పోస్టు నా కోసం పోగొట్టుకుంటావా?"

"పోతే పోనీరా," అంది అత్తయ్య. "పక్కింటావిడకి ఆల్రెడీ చెప్పేశాను, దాన్నేం చేస్తాం."

"పోయినా సరేనండీ," అన్నాను. "రేపు పదింటికి క్లాసు. మొదటి కాల్ ఆ టైలరమ్మకే, నేనే చేస్తాను. నిన్న పొద్దున మీ వీధిలో మావాళ్ళెవరూ లేరు, మీ ఇంటికొచ్చినతను చెప్పిందే నిజమని చెప్తాను. స్పీకర్ పెట్టి, పిల్లలందరూ వినేట్టు, తేనె సారు ఎదురుగానే."