తోలుటోపీలో సవతి

టునుక్ అరుపుతోనే మా వీధికి తెల్లారేది. జోల్దోష్ ఇంటి ఆడడేగ అది. పొద్దున్నే ఆకలి వేసిందంటే పసిపిల్లలా గుక్కపట్టి కేకలు పెట్టేది. చేతిబిడ్డ డేగలంతే మరి. వలేసి పట్టిన డేగ నోరు మూసుకుని కూర్చుంటుంది, మనిషిని చూస్తే బెదురుతుంది, నెలల తరబడి బుజ్జగిస్తే గానీ చేతిమీద తిండి ముట్టదు. గూట్లోంచి బొచ్చుపిల్లగా తెచ్చి, ముక్క ముక్క నోటికందించి పెంచిన దానికి ఆ బెదురే తెలియదు. ఎవరి మొహం చూసి పెరిగిందో వాళ్ళే తన జాతి అనుకుంటుంది. కోపమొస్తే మనిషి మీదికే దూకుతుంది. టునుక్‌ని జోల్దోష్ తన కోటు లోపల పెట్టుకుని పెంచాడు.

ఊరికి మాత్రం ఆ డేగ తోలుటోపీతో చాలా పని ఉండేది. కొండమీద ఎగిరొచ్చిన డేగ కళ్ళకి టోపీ తొడిగితే అది చూసినదంతా తోలుకి అంటుకుంటుంది కదా, తర్వాత ఆ టోపీని మన కంటికి ఆనించుకుంటే మనకీ కనిపిస్తుంది. గొర్రె తప్పిపోయినా, గుర్రం కట్టు తెంపుకుపోయినా అందరూ జోల్దోష్ గడపే తొక్కేవాళ్ళు. చూశాక గొర్రెతోక కొవ్వు రాసిన గుడ్డతో లోపల తుడిచి ఇవ్వడం మర్యాద. తాగుబోతు మంబెత్ ఒకసారి తన గుర్రం కోసం చూసుకుని తుడవకుండా ఇచ్చేశాడు. ఆ టోపీ తొడిగిన టునుక్ సాయంత్రం దాకా కొయ్యమీద తూలుతూనే ఉంది. జోల్దోష్ తల్లి సుయుంబూ వాణ్ణి ఇంటిముందు నిలబెట్టి దులిపేసింది. తోలుకి పక్షపాతం లేదురా సన్నాసీ, ఏ కన్ను ఆనితే ఆ కంటిదే దాచుకుంటుంది, డేగకీ అదే చూపిస్తుంది, అంది.

ఆ ఏడు మంచు కరిగిన దగ్గర్నుంచీ జోల్దోష్ పెళ్ళాం బుర్మకాన్ మనసులో ముల్లు దిగింది. వేటకాలం అయిపోయింది. అయినా మొగుడు రోజూ మధ్యాహ్నం డేగని చేతిమీద ఎక్కించుకుని కొండకి పోతున్నాడు. పోయే ముందు గడ్డం దువ్వుకుంటున్నాడు. పెళ్ళిళ్ళకి తప్ప పెట్టుకోని తెల్లటి ఉన్నిటోపీ పెట్టుకుంటున్నాడు. ఇంట్లో గొర్రెని కోస్తే కాలేజం ముక్క ముందు ఆయన సంచీలోకే పోతోంది. ఎక్కడికయ్యా అంటే, ఊరికే తిప్పుకురావడానికి అంటాడు. అన్నిటికంటే పెద్ద అనుమానం డేగ టోపీ దగ్గర వచ్చింది. కొండ దిగేలోపే దాన్ని శుభ్రంగా తుడిచేస్తున్నాడు. దాచేదేమీ లేనివాడికి అంత తుడుపు దేనికి?

గోరుచుట్టు మీద రోకలిపోటులా ఆ డేగ ఒకటి. బుర్మకాన్ మొగుడికి టీ గిన్నె అందించబోతే చాలు, కొయ్యమీద నుంచి ఎగిరొచ్చి ఆమె చెయ్యి గీరేది. జోల్దోష్ బూట్ల చుట్టూ గడ్డిపోచలూ ఉన్నీ తెచ్చి పేర్చేది. ఓ రోజు ఆయన తలగడ మీద కుందేలు కాలు పెట్టిపోయింది. వీధి ఆడవాళ్ళు నవ్వారు గానీ బుర్మకాన్‌కి నవ్వు రాలేదు.

ఒకనాడు కొండమీద వడగళ్ళు పడ్డాయి. జోల్దోష్ తడిసి ముద్దై వచ్చి, డేగని కొయ్యమీద దింపి, టోపీ తుడవడం మరిచిపోయి గుర్రం జీను విప్పడానికి పోయాడు. బుర్మకాన్ గబుక్కున టోపీ తీసుకుని కంటికి ఆనించింది.

మొగుడు కనిపించాడు. తల వంచి, నాలుకతో చిన్నగా చప్పుడు చేస్తూ, కాలేజం ముక్క చేత్తో అందిస్తున్నాడు. అంత మెత్తటి మొహం పెళ్ళైన కొత్తలో చూసిందేమో. తర్వాత ఊటనీళ్ళు కనిపించాయి. ఆ నీళ్ళలో ఒక వయసు పిల్ల. రాగిరంగు జడలు, తేనె కళ్ళు, కాళ్ళకి తోలు పట్టీలు. జోల్దోష్‌నే చూస్తోంది, ప్రపంచంలో ఇంకెవరూ లేనట్టు.

 బుర్మకాన్ బట్టలు మూటగట్టింది. నేరుగా అత్తగారి ముందుకెళ్ళి, మా అన్న దగ్గరికి పోతున్నాను, నీ కొడుకు వ్యవహారం నువ్వే చూసుకో అత్తా, అని టోపీ ఒళ్ళో పడేసింది. సుయుంబూ టోపీని కంటికి ఆనించుకుని ముందు పకపకా నవ్వింది. తర్వాత నవ్వు ఆపేసింది.

"ఆ కాలి పట్టీలు నేను కోసినవే కోడలా. ఎడమదానికి కుట్టు వంకరపోయింది, చూడు. నీ సవతి మనింట్లో కొయ్యమీదే కూర్చుంది."

బుర్మకాన్ మళ్ళీ చూసింది. కుట్టు వంకరగానే ఉంది. చేతిబిడ్డ తన్ను తాను అలాగే చూసుకుంటుందనీ, దాని తప్పేముందనీ అత్తగారు అంటోంది. ఇటు మనిషీ కాలేదు, అటు గూడు కట్టి గుడ్డు పెట్టనూ లేదు, అంటూ ముసలామె కళ్ళు తుడుచుకుంది.

జోల్దోష్ లోపలికి రాగానే మూట చూశాడు, టోపీ చూశాడు, చతికిలబడ్డాడు. అప్పుడు చెప్పాడు. మనతో కొన్నేళ్ళు వేటాడిన డేగని కొండకి వదిలేయాలి కదా, టునుక్ గడువు కిందటేడే దాటింది. అందుకే రోజూ తీసుకెళ్తున్నాడు. కూతుర్ని అత్తారింటికి పంపేవాడిలా మంచి టోపీ పెట్టుకుని, చివరి ముద్ద పెట్టి, వదిలేసి వస్తున్నాడు. ఆయన కొండ దిగేసరికి అది జీను మీద కూర్చుని ఉంటోంది.

"మరి డేగ టోపీ ఎందుకు తుడిచావు?"

"జనం నవ్వుతారని."

"జనం నవ్వుతారనా, నేను చూస్తాననా?"

 జోల్దోష్ తల దించుకునే అన్నాడు: "ఈ ఇంట్లో నన్ను అట్లా చూసేవాళ్ళు ఇంకెవరున్నారే?"

ఆ మాట బుర్మకాన్ గుండెలో గుచ్చుకుంది. మూట విప్పలేదు గానీ, పోనూ లేదు.

మర్నాడు తనూ కొండకొస్తానంది. పైన ఊట దగ్గర జోల్దోష్ గుర్రాల్ని కడుతుంటే, ఆమె టునుక్‌ని రాతిమీద దింపి, టోపీ తీసి చేత్తో పట్టుకుని ఎదురుగా కూర్చుంది. ఎదుటి కొండచరియ మీద అడవిడేగల జంట ఒకటి గాలిలో గిరికీలు కొడుతోంది. వాటిని తనివితీరా చూసింది. తర్వాత టునుక్‌ని చూసింది. చూసిన ప్రతిసారీ రాగిజడలే, తేనె కళ్ళే కనిపించి ఒళ్ళు మండింది. తను సవతిగా చూస్తే తోలు టునుక్‌కి కూడా సవతినే చూపిస్తుందని ఆమెకి తెలుసు. అందుకని ఓపిక పట్టింది. గాలికి రెక్కల ఈకలు లేస్తున్నాయి. ముక్కు కొసన ఎండిన నెత్తురు ఉంది. ఇంతలో టునుక్ తోకెత్తి రాతిమీద రెట్ట వేసింది. బుర్మకాన్‌కి నవ్వొచ్చింది. ఆ నవ్వులో సవతి ఎటుపోయిందో పోయింది, ఎదురుగా ఉత్త పక్షి మిగిలింది. పెద్దది, చక్కనిది, పాపం ఒంటరిది. అలా చూసిన కంటికే టోపీని ఆనించుకుంది. తర్వాత టునుక్ తలకి తొడిగింది.

జోల్దోష్ వచ్చాడు. "తుడవలేదే?" అన్నాడు.

"తుడవలేదు."

ఆయనకి అర్థమైంది. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ డేగలతోనే బతికినవాడు, అర్థం కాకపోవడమేం? కొవ్వుగుడ్డ ఆయన జేబులోనే ఉంది. తీయలేదు. టోపీ కింద టునుక్ కదలకుండా వింటున్నట్టు కూర్చుంది. ఒకసారి కాళ్ళ వంక తల వంచింది, ఒకసారి రెక్క విప్పి మూసింది. జోల్దోష్ దాని కాళ్ళ పట్టీలు కోసేశాడు. కాలేజం ముక్క పట్టుకుని, తనే టోపీ తీశాడు.

టునుక్ ఆయన్ని చూసింది. ఒళ్ళంతా బిగుసుకుంది, ఈకలు అణిగిపోయాయి, నోరు తెరుచుకుంది. వలలో పడ్డ డేగ మొదటిరోజు మనిషిని చూసే చూపు అది. ఎన్నో డేగల కళ్ళలోంచి ఆ చూపుని నెలల తరబడి తుడిచినవాడు జోల్దోష్. టునుక్ కళ్ళలో మాత్రం ఎన్నడూ చూడలేదు. అది వెనక్కి వెనక్కి జరిగి, రాయి అంచున ఒక్క ఊపున లేచి, కొండచరియ వైపు పోయింది. కాలేజం ఆయన చేతిలోనే ఉండిపోయింది.

మర్నాడు మా వీధికి ఆలస్యంగా తెల్లారింది. బుర్మకాన్ టీ పోసి మొగుడికి అందించింది. చెయ్యి గీరేవాళ్ళెవరూ లేకపోయినా గిన్నె తొణికింది. మేకుకి వేలాడుతున్న టోపీని జోల్దోష్ తీసి, కంటికి ఆనించుకుని, చాలాసేపు అలాగే కూర్చున్నాడు. తర్వాత మేకుకి తగిలించి గొర్రెల దొడ్డిలోకి వెళ్ళాడు.

బుర్మకాన్ టోపీ తీసుకుంది. ఇప్పుడందులో ఉన్నది జోల్దోష్ కంటిది. ఆ కన్ను ఎవరిని చూస్తోందో, ఆనించుకుంటే తెలిసిపోతుంది. చెయ్యి సగం దాకా లేచింది కూడా. కాసేపు అలా పట్టుకుని నిలబడి, కొవ్వుగుడ్డ తెచ్చి, చూడకుండానే శుభ్రంగా తుడిచేసింది. తర్వాత వెళ్ళి మూట విప్పింది.