తీగ పీకి చూద్దాం

ఆసుపత్రిలో అందరూ ఆమెను డైరెక్టరమ్మ అంటారు. నిజానికి ఆమె దేనికీ డైరెక్టరు కాదు. ఆసుపత్రి డైరెక్టరీ ఆమె చేతికింద ఉంటుంది, అంతే. మూడు భవనాల్లో పనిచేసేవాళ్ల పేర్లు, పాస్‌వర్డులు, ఎవరి కార్డుకు ఏ తలుపు తెరుచుకోవాలి, ఏ మందుల బీరువా ఎవరి మాట వినాలి అనే వివరాలన్నీ అందులోనే ఉంటాయి. ఒకసారి కొత్తగా చేరిన ఫార్మసిస్టు ఒకాయన 'డైరెక్టరీ ఆవిడ వచ్చారు' అన్న మాట సగమే విని, డైరెక్టరు గారే వచ్చారనుకుని గాభరాగా లేచి తన కుర్చీ ఇచ్చేశాడు. ఆమె దర్జాగా అందులో కూర్చుని, "థాంక్సండీ, మీ పాస్‌వర్డు మార్చడానికొచ్చాను" అంది. గది గదంతా నవ్వింది. ఆ పేరు ఇక వదల్లేదు.

ఆ డైరెక్టరీ మొత్తం ఒకే ఒక్క సర్వరులో, పెద్ద భవనం కింది అంతస్తులో ఉండేది. ప్రసూతి ఆసుపత్రి ఏటికి అవతల. కళ్లాసుపత్రి ఊరి చివర ఎత్తు మీద. అక్కడ ఎవరు పాస్‌వర్డు కొట్టినా ఆ ప్రశ్న కేబుల్ వెంట వంతెన దాటి రావాలి, జవాబు మళ్లీ దాటి వెళ్లాలి. పొద్దున డ్యూటీ మారే వేళ అందరూ ఒక్కసారే కొట్టేసరికి లైను ఉక్కిరిబిక్కిరయ్యేది. నర్సులు తెర మీద తిరిగే గుండ్రాన్ని చూస్తూ నిలబడేవాళ్లు. వర్షం గట్టిగా పడితే ఆ గుండ్రం కూడా ఆగిపోయేది.

ప్రసూతి ఆసుపత్రిలో హెడ్ నర్సు ఆమెకు స్వయానా ఆడపడుచు, భర్తకు అక్క. వరసకు వదిన. పైగా ఒకే ఇంట్లో మేడ మీద కాపురం. దాంతో ఫిర్యాదు ఆఫీసు దాకా వెళ్లే పనే లేదు, భోజనాల బల్ల మీదే దాఖలయ్యేది.

"అమ్మాయ్, ఇవాళ కూడా మీ గుండ్రం తిరుగుతూనే ఉంది. అది ఆగేలోపు నేను ఇద్దరు పిల్లల్ని లోకంలోకి తెచ్చేశాను."

"లైను ఇరుకు వదినా."

"ఇరుకైతే వెడల్పు చేయించు. లేకపోతే ఆ డైరెక్టరీ ఏదో మా దగ్గరే పెట్టు. మా నర్సు ఎవరో చెప్పడానికి ఏరు దాటి ఎవర్నో అడగడమేమిటి, చోద్యం కాకపోతే!"

అక్కకూ భార్యకూ మధ్య కూర్చున్న ఆమె భర్త నీళ్ల జగ్గు అందించాడు. ఆమె మాత్రం తినడం ఆపి వదినను చూసింది. ఆలోచన ఆమెకు కొత్తదేమీ కాదు. అంత సూటిగా ఎవరూ అనలేదంతే.

మర్నాడే మేనేజరు గారి గదికెళ్లింది. డైరెక్టరీని మూడు భాగాలు చేద్దామంది. ఏ భవనం వాళ్ల వివరాలు ఆ భవనంలోని సర్వరులో ఉంటాయి, మూడు సర్వర్లూ ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి, లైను తెగినా ఎవరి పని వాళ్లకు సాగుతుంది అని బోర్డు మీద మూడు డబ్బాలు గీసి చూపించింది.

మేనేజరు చేతులు కాల్చుకున్న మనిషి. అంతకుముందు చేసిన ఉద్యోగంలో ఇలాగే రెండు చోట్ల వివరాలు పెడితే, రెండూ రెండు దారులు పట్టాయి. ఉద్యోగంలోంచి తీసేసిన మనిషి రెండో చోట ఇంకా ఉద్యోగిగానే ఉండిపోయాడు. అతను దర్జాగా లోపలికొచ్చి కావలసింది పట్టుకుపోయాడు.

"రెండు చోట్ల రాస్తే రెండు నిజాలవుతాయమ్మా. ఒకే చోట ఉంటే ఆగిపోతే ఆగిపోతుంది గానీ అబద్ధం చెప్పదు" అన్నాడాయన.

"రెండు చోట్ల రాయనివ్వను సార్. ప్రసూతి వాళ్ల పేర్లు ప్రసూతి సర్వరులో మాత్రమే మార్చగలరు. ఇక్కడివి ఇక్కడే. ఒక్కో భాగానికి ఒక్కటే యజమాని."

"లైను తెగినప్పుడు నిజంగా నడుస్తుందని నమ్మకమేంటి?"

"నమ్మొద్దు. పట్టపగలు, డ్యూటీ మారే వేళ, మీ కళ్లముందే తీగ పీకేస్తాను. చూడండి."

మేనేజరు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. ఇంత ధీమాగా మాట్లాడేవాళ్లను చూస్తే ఆయనకు భయమూ, కొంచెం ముచ్చటా. "సరే, పీకి చూద్దాం" అన్నాడు.

సర్వర్లు వచ్చాయి. పనంతా ఆమె దగ్గరుండి చేయించుకుంది. పరీక్ష రోజున ప్రసూతి ఆసుపత్రి పెద్ద డాక్టరు అనుమతి ఇచ్చింది. వదిన కూడా ఒప్పుకుంది గానీ, నడుముకు తాళాలగుత్తి దోపుకుని మరీ వచ్చింది. "నీ మీద నమ్మకం లేక కాదు. నాకు చేతిలో ఇనుము ఉంటేగానీ తోచదు" అంది.

ప్రసూతి ఆసుపత్రిలో సర్వరు పెట్టిన బీరువా అంత గదిలో నిలబడి, మేనేజరు చూస్తుండగా, ఆమె వంతెన దాటి వచ్చే కేబుల్‌ను పట్టుకుని లాగేసింది. సర్వరు మీద ఒక దీపం ఆరింది. బయట నర్సులు పాస్‌వర్డులు కొడుతున్నారు. కొట్టడమే ఆలస్యం, తెర తెరుచుకుంటోంది. గుండ్రం కనిపించే తీరికే లేదు. "అరె, ఇవాళ దీనికేమైంది, బుద్ధొచ్చిందా!" అని ఎవరో అనడం వినిపించింది. మేనేజరు తల ఊపాడు. ఆమె నవ్వు ఆపుకుంటూ వరండాలోకి వచ్చింది.

అక్కడ ఆపరేషన్ గది ముందు మత్తు డాక్టరు కార్డు ఆనించి, ఎర్రదీపం చూసి, మళ్లీ ఆనిస్తోంది. లోపల బల్ల మీద నొప్పులతో ఒక తల్లి. బిడ్డ అడ్డం తిరిగింది, ఆపరేషన్ తప్పదు. డాక్టరు మొహంలో రంగు మారుతోంది.

డైరెక్టరమ్మ ఆ ఎర్రదీపాన్ని చూసింది. ఒక్క చూపులో అర్థమైపోయింది. ఈ డాక్టరు వారం కిందటి దాకా పెద్ద భవనంలో పనిచేసింది. ఆమె పేరు ఇంకా అక్కడి భాగంలోనే ఉంది. తీగ పీకాక, ఏటికి ఇవతల ఆమె ఎవరో చెప్పేవాళ్లు లేరు.

వదిన ఒక్క అంగలో వచ్చి తాళం తిప్పి తలుపు తీసింది. "పదండి, పదండి" అని డాక్టరును లోపలికి తోసి, మందుల బీరువా దగ్గర ఆవిడ బదులు తన పాస్‌వర్డు కొట్టింది. డైరెక్టరమ్మ ఆ పాటికే వెనక్కి పరిగెత్తి కేబుల్‌ను మళ్లీ దూర్చేసింది. పంతానికి పోయే సమయం కాదది.

కాసేపటికి లోపలినుంచి పసిపిల్ల ఏడుపు వినిపించింది. తల్లీ బిడ్డా క్షేమం. ఆ మాట చెవిన పడ్డాక గానీ ఆమె కేబుల్ మీంచి చెయ్యి తీయలేదు.

మేనేజరు మళ్లీ వెలిగిన దీపాన్ని చూసి ఆమె వైపు తిరిగాడు. 

"పరీక్ష తప్పింది సార్. సర్వరు తప్పేం లేదు. నేనే పప్పులో కాలేశాను. ఎక్కడివాళ్లు అక్కడే ఉంటారనుకుని గీశాను."

"మరిప్పుడు? మళ్లీ ఒకే చోటికా?"

"లేదు సార్. ఇంకోసారి పీకాలి. ఈ తప్పు నేను తీగ పట్టుకుని నిలబడ్డప్పుడు బయటపడింది. వర్షంలో దానంతటది తెగినప్పుడు పడుంటే?"

ఆయన కళ్లజోడు సర్దుకుని, "ఇంకొక్కసారి. ఈసారి నేను పీకుతాను" అన్నాడు.

ఇంటికెళ్లాక వదిన తలంటేస్తుందనుకుంది. వదిన మాత్రం చెప్పులు విప్పుతూ, "మా డాక్టర్లేమన్నా గోడకు కొట్టిన మేకులనుకున్నావా? ఇవాళ ఇక్కడ, రేపు అక్కడ. మత్తు డాక్టర్లయితే మరీ, కాళ్లకు చక్రాలే" అంది.

"అవును వదినా. మీ భాగం ఒక్కటే మీ దగ్గర పెట్టాను. మూడు భాగాల నకళ్లూ మూడు చోట్లా ఉండాలి."

"బరువు కాదూ?"

"బరువా! మన అందరి పేర్లూ కలిపినా మీ ఫోన్‌లో మనవడి వీడియో ఒక్కదానంత ఉండవు."

"మరి ముందే పెట్టి ఏడవకపోయావా" అని వదిన నవ్వేసింది. ఆమెకూ నవ్వొచ్చింది. పొద్దుటినుంచి భుజాల మీద కూర్చున్నదేదో దిగిపోయింది.

రెండో పరీక్ష రోజు మేనేజరు మాటిచ్చినట్టే పెద్ద భవనంలో తన చేత్తో తీగ పీకాడు. ఆమె ఏటి అవతల, ఆపరేషన్ గది ముందు కాపలా ఉంది. మత్తు డాక్టరు కార్డు ఆనించింది. ఆకుపచ్చ దీపం. పుట్టిన పిల్లల కళ్లు చూడడానికి కళ్లాసుపత్రి నుంచి వచ్చిన డాక్టరుకూ ఆకుపచ్చే. నర్సులకు తీగ పీకినట్టే తెలియలేదు. ఆమె కళ్లలో వత్తులు వేసుకుని ప్రతి తలుపూ చూసుకుంటూ తిరిగింది.

ఇంతలో ముందు తలుపు తెరుచుకుని మేనేజరు లోపలికొచ్చాడు. కారు దిగి వచ్చినవాడు నవ్వడం లేదు.

"తీగ పీకాక అక్కడ డైరెక్టరీలోంచి నన్ను నేనే తీసేసుకుని వచ్చానమ్మా. ఇప్పుడు నేను ఈ ఆసుపత్రిలో ఎవర్నీ కాను. మీ తలుపు మాత్రం నాకు సలాం కొట్టి రమ్మంది. నేను భయపడింది దీనికే."

చుట్టూ ఉన్న నర్సులు ఆమె మొహం చూశారు. ఆమె తడబడలేదు.

"కొడుతుంది సార్. లైను తెగాక అక్కడేం మారిందో ఇక్కడికి తెలీదు, తెగే క్షణం దాకా ఉన్నదే తెలుసు. దీనికి మందు లేదు, ఉందని చెబితే మోసం. రెండే దారులు. వార్త అందలేదని తలుపు అందరికీ మూసేయాలి, లేదా నిన్నటి మనిషిని ఇవాళ కాసేపు నమ్మాలి. ఆ రోజు మత్తు డాక్టరు ఈ గది బయట నిలబడిపోయింది చూశారుగా. తలుపుల విషయంలో నమ్మడమే మంచిదని నేను తేల్చుకున్నాను."

"మందుల బీరువా?"

"వెళ్లి తెరవండి."

ఆయన వెళ్లి పాస్‌వర్డు కొట్టాడు. బీరువా తెరుచుకోలేదు. ఇక్కడ డ్యూటీలో ఉన్న ఇంకొకరు కూడా పాస్‌వర్డు కొట్టాలని తెర మీద వచ్చింది. పెద్ద భవనంతో మాట కలవనప్పుడల్లా బీరువా ఇద్దరిని అడిగేలా ఆమె చేసి ఉంచింది. మేనేజరు పక్కనే ఉన్న హెడ్ నర్సు వైపు ఆశగా చూశాడు.

"నావైపు చూడకండి సార్. ఉద్యోగం లేనివాళ్లకు నేను బీరువా తీయను" అంది వదిన.

వరండా అంతా ఘొల్లుమంది. మేనేజరు కూడా నవ్వాడు. ఆయన అంత గట్టిగా నవ్వడం ఎవరూ ఎరగరు. తర్వాత ఆమెను పక్కకు పిలిచి, "నా పేరు మళ్లీ చేర్చడం మర్చిపోకండమ్మా, జీతాలు దగ్గరపడుతున్నాయి" అన్నాడు.

కళ్లాసుపత్రిలో మూడో సర్వరుకు పరీక్ష కూడా అక్కర్లేదన్నాడాయన. అయినా ఆమె పీకి చూసే పెట్టింది.

వానాకాలం మధ్యలో ఒకనాడు మధ్యాహ్నం పెద్ద భవనంలో పైపు పగిలి కింది అంతస్తులోకి నీళ్లొచ్చాయి. ఎలక్ట్రీషియన్లు పరిగెత్తుకొచ్చి ఆ అంతస్తు వరకు కరెంటు ఆపేశారు. దాంతోపాటే ఇన్నేళ్లుగా అందరికీ ఆధారమైన సర్వరు చల్లబడిపోయింది. ఆమె ప్యాంటు మడిచి నీళ్లలో నిలబడి మేనేజరుకు ఫోన్ చేసింది.

"సార్, మన సర్వరు పడిపోయి చాలాసేపయింది."

"అదేంటి? నేను పైన ఇప్పుడేగా లాగిన్ అయ్యాను!"

"మిమ్మల్ని గుర్తుపట్టింది ప్రసూతి ఆసుపత్రి సర్వరు. ఇక్కడివాళ్లందరికీ అప్పటినుంచీ అదే జవాబు చెబుతోంది."

ఆయన గొంతు పెరిగింది. "అంటే ఎవరి పనీ ఆగలేదా?"

"కొత్తగా చేరిన ఇద్దరిని చేర్చడం ఒక్కటే ఆగింది. ఈ భవనం వాళ్ల పేర్లు రాయాల్సింది ఇక్కడే కదా. సాయంత్రంలోపు లేపుతాను, కూర్చోమని చెప్పాను."

నీళ్లు తోడించి, సర్వరు పెట్టె ఆరబెట్టించి, కరెంటు వచ్చాక దాన్ని లేపింది. అది లేస్తూనే మిగతా రెండింటినీ పలకరించి, తాను లేనప్పుడు అక్కడ మారినవన్నీ తెచ్చుకుంది. ఒక నర్సు పాస్‌వర్డు, ఒక డాక్టరు బదిలీ. ఆమె రెండూ సరిచూసింది. తర్వాత తడి నేల మీదికి కుర్చీ లాక్కుని, బయట బెంచీ మీద ఎదురుచూస్తున్న ఇద్దరినీ కేకేసింది.

"రండి. ముందు ఎవరు? పేరు చెప్పండి."