ఇంటికొచ్చిన కిడ్నీ

మా ఆయన ఒదేరాను కత్తికి అప్పజెప్పి చంపింది నేనేనని సరస్సు ఒడ్డున మా ఎంబీటా రేవులో చేపలు ఆరబెట్టే ఆడవాళ్ళంతా అంటారు. అననీ. నోళ్ళు వాళ్ళవి.

ఒదేరా పడవలు కట్టేవాడు. మూత్రంలో రక్తం పడుతుంటే, నీళ్ళలో నానే పని కదా, అదే తగ్గుతుందిలే అని ఊరుకున్నాడు. పక్కటెముకల కింద గడ్డ చేతికి తగిలేదాకా ఆసుపత్రి మొహం చూడలేదు. చివరికి నేనే పోట్లాడి కిసుము పట్నంలో పెద్దాసుపత్రికి లాక్కుపోయాను. అక్కడి డాక్టరు షికుకు దాపరికం లేకుండా చెప్పాడు.

"ఒక కిడ్నీ మొత్తం కేన్సరేనమ్మా. ఊపిరితిత్తుల్లో కూడా చుక్కలున్నాయి. కిడ్నీ తీసేస్తే రక్తం, నొప్పి ఆగుతాయి. అంతేగానీ జబ్బు పోదు."

"పోనిదానికి కొయ్యడం ఎందుకు?" అన్నాను కోపంగా.

"కోశాక మాత్రలున్నాయి. బయటి దేశాలవాళ్ళు ఉచితంగా ఇస్తున్నారు. అవి ఆ చుక్కల్ని అణిచిపెడతాయి. వాటితో రెండు మూడేళ్ళు పని చేసుకుంటూ తిరిగినవాళ్ళని చూశాను. కాకపోతే ఇది ఏ రకం కేన్సరో తేలాలి. తీసిన కిడ్నీని ల్యాబువాళ్ళు పరీక్ష చేసి చెప్తేనే మాత్రలిస్తారు."

రెండు మూడేళ్ళు! నాకది చాలు. మా చిన్నది అప్పుడప్పుడే మాటలు నేరుస్తోంది. ఆ కాస్త కాలం దొరికితే దానికి తండ్రి మొహం గుర్తుంటుంది.

మా అత్త మాత్రం గుండెలు బాదుకుంది. "కత్తి తగిల్తే అది ఒళ్ళంతా పాకుద్దే, అలెగో పిల్లా! నా మాట వినవే!" అంది. మా పుట్టిల్లు అలెగో. ఈ ఇంట్లో నాకు అదే పేరు. నేను వినలేదు.

ఆపరేషన్ రోజున రక్తం చాలదంటూ నన్ను బ్లడ్ బ్యాంకుకి తరిమారు. నేనక్కడ పడిగాపులు పడుతుండగా ఇక్కడ కిడ్నీ తీసేశారు. ఆ ఆసుపత్రిలో కోసి తీసినదాన్ని ల్యాబుకి మోసుకెళ్ళాల్సింది రోగి తరఫువాళ్ళే. నర్సు దాన్ని మందునీళ్ళున్న తెల్ల డబ్బాలో వేసి మా అత్త చేతిలో పెట్టి, గేటెదురుగా ల్యాబులో ఇమ్మని స్వాహిలీలో గబగబా చెప్పి పోయింది. అత్తకి స్వాహిలీ ముక్క రాదు. పక్కనున్న మా మరిది న్యాగుదికి వచ్చు.

మర్నాడు న్యాగుదిని అడిగాను. "డబ్బా ఇచ్చావా?"

"ఇచ్చేశా వదినా," అన్నాడు.

కోత బ్రహ్మాండంగా జరిగిందని డాక్టరు మురిసిపోయాడు. నిజమే, ఒదేరా లేచాడు, చేపల పులుసుతో ఉగాలి సంకటి తిన్నాడు, ఇంటికొచ్చి మళ్ళీ పడవ చెక్కడానికి బాడిస పట్టాడు. ల్యాబు మాట ఎంతకీ రాకపోతే నేనే వెళ్ళి అడిగాను. అసలు ఆ పేరు మీద ఏమీ రాలేదన్నారు. తిరిగొచ్చి రేవు పక్కన ఎవరూ లేనిచోట న్యాగుది చొక్కా పట్టుకున్నాను.

"ఎక్కడ్రా అది? చెప్పు!"

"అమ్మ ఇవ్వనివ్వలేదు వదినా. నా కొడుకు మాంసాన్ని పరాయోళ్ళు ముక్కలు కోస్తారా అంది. మనిషి సగం అక్కడా సగం ఇక్కడా ఉంటే రేపు పోయిన మన పెద్దలు వాణ్ణి కలుపుకోరంది. ఆ రోజే ఫెర్రీ ఎక్కించి తెచ్చి, డబ్బాలోంచి తీసి మీ ఇంటెనకాల పాతిపెట్టాం. నీకు చెప్పొద్దంది. ఫెర్రీలో ఒకాయన డబ్బా చూసి ఏం చేప తమ్ముడూ అనడిగాడు వదినా. ఏం చెప్పాలో తెలీక ఎంబూతా అన్నా."

నాకు నవ్వొచ్చింది. ఆ నవ్వుతోనే వాడి చెంప ఛెళ్ళుమనిపించాను.

"తవ్వి తెస్తే?" అని డాక్టర్ని అడిగాను.

"మట్టిలో ఇన్నాళ్ళు ఉన్నాక పరీక్షకేం మిగుల్తుందమ్మా? ఇక ఊపిరితిత్తిలో సూది వేసి ముక్క తియ్యాలి. అది నైరోబీలో చేస్తారు. వంతు రావడానికి నెలలు పడుతుంది. మేం మీవాళ్ళకి చెప్పే ఇచ్చాం కదా!"

"ఎవరికి చెప్పారయ్యా? భాష రాని ముసల్దానికా?" అని అరిచాను. ఆయన తరవాతి రోగిని పిలిచాడు.

ఒదేరాకి చెప్పక తప్పలేదు. బాడిస కింద పెట్టి సగం కట్టిన పడవకేసి చూశాడు.

"అమ్మకి చెప్పకు," అన్నాడు.

"ఎందుకు చెప్పకూడదు? మీ అమ్మ నీ ప్రాణం తీసిందయ్యా!"

"అందుకే చెప్పొద్దంటున్నా. తెలిస్తే బతకదే. ఒట్టెయ్యి."

ఒళ్ళు మండిపోయింది. చచ్చేవాడికి కూడా తల్లి మీదే బెంగ, నా గతేమిటి? అయినా ఒట్టేశాను.

నైరోబీ వంతు రాకముందే ఆయాసం మొదలైంది. పడుకుంటే ఊపిరి ఆడదు. దిళ్ళకి ఆనుకుని కూర్చునే నిద్రపోయేవాడు. వానలు తగ్గకముందే పోయాడు. చిన్నదానికి ఇంకా నాన్న అనడం సరిగ్గా రాలేదు.

అంత్యక్రియల నాడు మా అత్త పదిమందిలో నా వైపు చెయ్యి చాపి ఏడ్చింది. "చెప్తూనే ఉన్నా, కత్తి తగిల్తే పాకుద్దని! విందా ఇది? చేజేతులా చంపుకుంది నా బిడ్డని!" ఆడవాళ్ళంతా తలలూపారు. నేను న్యాగుదికేసి చూశాను. వాడు కుర్చీలు సర్దుతున్నట్టు అటు తిరిగిపోయాడు. ఒక్క మాట అంటే చాలు, ఆ ఏడుపు గొంతులోనే ఆగిపోయేది. ఒదేరాకి వేసిన ఒట్టు అడ్డొచ్చింది.

చుట్టాలంతా వెళ్ళిపోయాక ఒక సాయంత్రం ఆవిడ గంజి గిన్నెతో మా గుమ్మంలోకి వచ్చింది. మనిషి చిక్కి సగమైంది. చిన్నదాన్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని గంజి తాగించి, నా చెయ్యి పట్టుకుంది.

"నువ్వూ వాడి మంచికే చేశావులే. చదువుకున్నోళ్ళు చెప్తే నమ్మావు, నీకేం తెలుసు పాపం! నేను మాత్రం వాడి ఒంట్లోది ఒక్క ముక్క పరాయిచోట వదల్లేదు. ఆ ఒక్క తృప్తే నన్ను బతికిస్తోంది. నీ మీద నాకింక కోపం లేదే, అలెగో పిల్లా. క్షమించేశాను."

"సరే అత్తా," అన్నాను.