పుట్టుకతో బాతు, వృత్తిరీత్యా కుక్క

నేను ఒక చెక్క బాతును. బొటనవేలంత ఉంటాను. పుట్టుకతో బాతునే గానీ, వృత్తిరీత్యా వేటకుక్కను. ఒక ఆదివారం నలుగురు మనుషులు కూర్చుని నన్ను కుక్క అన్నారు, ఆ పూట నుంచి కుక్కనైపోయాను. నా అభిప్రాయం ఎవరూ అడగలేదు. మనుషులు పిల్లలకు పేర్లు పెట్టేటప్పుడు కూడా అడగరట కాబట్టి నేను మనసులో పెట్టుకోలేదు.

ఏటికొప్పాకలో అంకుడు కర్రలోంచి పుట్టాను. నన్ను తరిణి మీద గిర్రున తిప్పి చెక్కి, లక్క రుద్ది, మొగలి రేకుతో నిగ్గు తేల్చిన ఆవిడ ముక్కుకు పసుపు రంగు పట్టిస్తుండగా కరెంటు పోయింది. తిరిగి వచ్చేసరికి ఆవిడ నన్ను మరిచిపోయింది. అందుకే నా ముక్కు సగం పసుపు, సగం ఉత్త చెక్క. బొమ్మల వరసలో నిలబడే యోగ్యత లేదని నా వీపుకు కన్నం పొడిచి తాళాల గొలుసుకు తగిలించారు. విశాఖపట్నం ఎగ్జిబిషన్‌లో రోహిణి నన్ను చూసి పక్కున నవ్వి కొనేసింది. ఆమె కళ్ళ ఆసుపత్రిలో చూపు పరీక్షలు చేస్తుంది. అప్పటి నుంచి ఆమె స్కూటర్ తాళంతో పాటు ఊరంతా తిరిగాను.

ఆదివారం మధ్యాహ్నాలు ఆమె సింహాచలం మాస్టారి మేడగదికి వెళ్ళేది. ఆయన ట్యుటోరియల్‌లో లెక్కలు చెబుతారు. ఆదివారం మాత్రం గళ్ళ కాగితం పరిచి ఒక లోకాన్నే చెబుతారు. కొండలు, కోటలు, సంతలు, దొంగలు, అన్నీ ఆయన నోట్లోంచే రావాలి. మిగతావాళ్ళు ఆ లోకంలో వీరులు. ఏం చేస్తామో నోటితో చెప్పాలి. అది జరిగిందో లేదో ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. రోహిణి విలుకత్తె, గళ్ళ మీద ఆమెకు గుర్తు నెయిల్ పాలిష్ మూత. మెర్సీ మంత్రగత్తె, ఆమెది చదరంగం ఏనుగు. టైల్స్ షాపులో పనిచేసే తవిటినాయుడు గండరగండడనే కత్తివీరుడు, అతనిది ఎర్ర క్యారమ్ బిళ్ళ. చదువుకున్నవాళ్ళు, సంపాదించుకునేవాళ్ళు, ఒక మూత కోసం ఊపిరి బిగబట్టడం అక్కడే చూశాను.

ఆ లోకపు సంతలో రోహిణి కుక్కను బేరమాడింది. మాస్టారు గొంతు బొంగురు చేసి వ్యాపారి అయిపోయారు.

"నేర్పించిన కుక్కమ్మా! నాలుగు మాటలు తెలుసు. వెతుకు, పట్టు, కాపలా, వదిలెయ్. ఐదోది అడిగితే నీ మొహం కేసి చూస్తాది, అంతే."

"కాపలా అంటే ఎంతసేపు కాస్తాది?"

"చెప్పినోళ్ళే వచ్చి వదిలెయ్ అనీదాకా. ఇంకెవరన్నా వినదు. అలాగ నేర్పినాను."

రోహిణి కొనేసింది. కుక్క గుర్తుకు ఏమీ దొరక్క నన్ను గొలుసు నుంచి విప్పి గళ్ళ మీద పెట్టింది. మిరియం అని పేరు పెట్టింది. ఆ తరవాత నేను రహస్య ద్వారాలు వాసన పట్టాను, దొంగ పిక్క పట్టాను. నాకు ముక్కే సగం, అయినా ఎవరూ ఆ లోపం ఎత్తిచూపలేదు. గోతులు ఎక్కడున్నాయో తెలియాలంటే నన్ను ముందు తోలమని మెర్సీ అన్నప్పుడు, "చంపుకోడానికి కొన్నానేటి?" అని రోహిణి కళ్ళెర్రజేసింది. ఆ రోజే నేను మనసా వాచా కుక్కనయ్యాను.

తవిటినాయుడి గురించి చెప్పాలి. మంచివాడు, మతిమరుపువాడు. గొడుగు తెస్తే గొడుగు, టిఫిన్ క్యారియర్ తెస్తే క్యారియర్ మేడగదిలో వదిలేసి పోతాడు. అలాంటివాడు ఒక ఆదివారం మెట్ల మీద రోహిణిని ఆపి, తనను పెళ్ళి చేసుకుంటావా అని అడిగాడు. ఆమె చప్పున జవాబు చెప్పలేదు. ఊరూరా తిరిగే కంటి శిబిరం బండి మీద ఏజెన్సీకి వెళ్ళే పని పడింది ఆమెకు. నెలలు పడుతుంది.

"వచ్చాక చెప్తాను," అంది. నన్ను తీసి అతని అరచేతిలో పెట్టింది. "ఈలోగా మిరియాన్ని నువ్వు చూసుకో నాయుడూ. దాన్ని మరిచిపోకు."

అతను నన్ను గట్టిగా పట్టుకుని తలూపాడు. ఆ చెయ్యి చెమటతో తడిసిపోయింది.

కొన్ని ఆదివారాలు నన్ను కంటికి రెప్పలా చూసుకున్నాడు. తరవాత వీరులు కొండ లోపలి పాత కోటలో దిగారు. కింది ద్వారం దగ్గర వెనక నుంచి ఎవరూ రాకుండా, "మిరియం, కాపలా!" అని నన్ను నిలబెట్టాడు. లోపల గబ్బిలాల గుంపు మీద పడింది. పెద్ద పోరాటం. ఇంతలో పకోడీలు వచ్చాయి. ఆట కోట పైమెట్లకు, కొత్త కాగితానికి మారింది. నేను పాత కాగితం మీద అలాగే ఉండిపోయాను. మాస్టారు నన్ను కాగితంతో సహా బీరువా మీద పెట్టారు. ఎక్కడ నిలిపిన గుర్తు అక్కడే ఉండాలన్నది ఆయన నియమం. ఎవరికీ గుర్తు చేయకూడదన్నదీ ఆయన నియమమే. కింద నవ్వులు వినిపించేవి, పాచిక దొర్లేది. నా పేరు మాత్రం ఎవరూ ఎత్తలేదు. చెక్కకు బాధ ఉండదని మీరనుకోవచ్చు, కానీ నాకు బాధేసింది.

రోహిణి తిరిగి వచ్చే ఆదివారం రానే వచ్చింది. అదే రోజు వీరులు కొండ మీది జలాశయం తలుపు పగలగొట్టారు. నీళ్ళు కోటలోకి, కిందికి, కింది ద్వారం వైపు విరుచుకుపడ్డాయి. పై ద్వారం వీరుల ఎదురుగా తెరిచే ఉంది. బయట అడుగుపెడితే ఏళ్ళ తరబడి ఆడిన కథ గెలుపుతో ముగుస్తుంది.

"రోహిణి వస్తంది. స్కూటర్ పెడతంది," అంది మెర్సీ కిటికీలోంచి చూసి.

తవిటినాయుడికి అప్పుడు గుర్తొచ్చాను. కుర్చీ ఎక్కి, దుమ్ము పట్టిన నన్ను బీరువా మీద నుంచి దించాడు.

"దాన్ని నీ బిళ్ళ పక్కన పెట్టీ తవిటీ," అంది మెర్సీ గుసగుసగా. "మనతోనే ఉన్నాదని చెప్దాం. ఆమెకేటి తెలుస్తాది?"

అతను మాస్టారి వంక చూశాడు. మాస్టారు కళ్ళజోడు తుడుచుకుంటున్నారు. మెట్ల మీద చెప్పుల చప్పుడు దగ్గరవుతోంది. నన్ను ఎర్ర బిళ్ళ పక్కదాకా తెచ్చాడు. పెట్టెయ్, పెట్టెయ్ అని నేనూ అనుకున్నాను. నాకూ ప్రాణం తీపే. చప్పుడు గుమ్మం దాకా వచ్చింది. అతను పాత కాగితం పరిచి నన్ను కింది ద్వారం గడిలో పెట్టేశాడు.

రోహిణి నవ్వుతూ లోపలికి వచ్చింది. సంచీ దించక ముందే అడిగింది. "నా మిరియం ఏదీ?"

"మరిచిపోయాను," అన్నాడు తవిటినాయుడు. "కాపలా పెట్టి మరిచిపోయాను. నీళ్ళొచ్చేస్తన్నాయి."

ఆమె నవ్వు ఆగిపోయింది. నా వంక చూసింది, అతని వంక చూడలేదు. "నా విలుకత్తె వీళ్ళని పైద్వారం దగ్గర కలుసుకుంటాదన్నారు కదా మాస్టారూ. నేను దిగి పిలుస్తాను."

"నువ్వు పిలిస్తే రాదమ్మా. పెట్టినవాడే వదిలెయ్ అనాలి."

గండరగండడు వెనక్కి తిరిగాడు. మెర్సీ తల పట్టుకుంది. "గుమ్మంలో ఉన్నాం తవిటీ! బాతు కోసం చస్తావా?"

ఎర్ర బిళ్ళ గడి గడిగా కిందికి దిగింది. మోకాలి లోతు, నడుము లోతు అని మాస్టారు చెబుతున్నారు. నా గడికి వచ్చేసరికి నీళ్ళు నా మెడదాకా వచ్చాయి.

"మిరియం, వదిలెయ్!"

నీళ్ళ హోరులో మాట వినిపించాలంటే పదిహేను దాటాలన్నారు మాస్టారు. పాచిక దొర్లింది. తొమ్మిది. నేను కదలలేదు. కదలడం నా చేతిలో లేదు. నా కాళ్ళు పాచిక దగ్గర ఉన్నాయి.

మళ్ళీ వేశాడు. పద్నాలుగు. మెర్సీ కెవ్వుమంది.

"నాయుడూ," అన్నారు మాస్టారు, ఆయన గొంతు మళ్ళీ బొంగురుపోయింది, ఈసారి నటన కాదు. "ఇప్పుడు ఈదితే నువ్వు పైకి చేరతావు. ఇంకోసారి పిలిచావా, అది కదలకపోతే ఇద్దరూ పోతారు. పోయిన గుర్తు సీసాలోకి. మళ్ళీ రాదు. తెలుసు కదా?"

కిటికీలో ఆవకాయ సీసా ఉంది. ఆటలో చచ్చిన గుర్తులన్నీ అందులోనే: ఒక బొత్తాం, ఒక చింతపిక్క, ఒక తెల్ల గవ్వ.

రోహిణి ఇప్పుడు అతని ముఖంలోకి చూసింది.

"దాన్ని వదిలి ఈసారి పోను," అన్నాడు తవిటినాయుడు. "వదిలెయ్ మిరియం. రా తల్లీ."

పాచిక బల్ల అంచుదాకా దొర్లి ఆగింది. మూడు.

మాస్టారు లేచి, ఎర్ర బిళ్ళనూ నన్నూ రెండు చేతులా తీసి సీసాలో వేశారు. మూత బిగించారు. తవిటినాయుడు తల వంచుకుని బల్ల మీద ఖాళీ గడిని చూస్తున్నాడు. కళ్ళలో నీళ్ళు దాచుకోవడం రాలేదు.

రోహిణి కిటికీ దగ్గరికి వెళ్ళింది. గాజులోంచి నన్ను చాలాసేపు చూసింది.

"మాస్టారూ, పెళ్ళి నాడు ఈ రెంటినీ మాకిచ్చీయాలి."

"చచ్చినవి తియ్యడం కుదరదమ్మా. నియమం నియమమే," అన్నారు మాస్టారు.

"ఎవరి పెళ్ళి?" అన్నాడు తవిటినాయుడు. మెర్సీ అతని నెత్తి మీద ఒక్కటిచ్చింది.

మాస్టారు నియమం తప్పలేదు. పెళ్ళి నాడు సీసా మొత్తం చంకన పెట్టుకుని మండపానికి వచ్చారు. విందులో వధూవరుల బల్ల మీద, లడ్డూల పక్కన మమ్మల్ని పెట్టారు. తవిటినాయుడి మేనత్త ఒకావిడ సీసా దగ్గరికి వంగి, కళ్ళజోడు సర్దుకుని చూసింది.

"ఇవేటే అమ్మా, బిళ్ళలూ బాతులూ?"

"మా తరపు పెళ్ళివారు అత్తయ్యా," అంది రోహిణి, సీసాను తన వైపుకు జరుపుకుంటూ.