చిటికెన వేలు

పొయ్యి మీది గిన్నెను స్వామిదాసు మసిగుడ్డతో పట్టుకుని దించుతున్నాడు. ఎడమచేతి చిటికెన వేలు గుడ్డ దాటి గిన్నెకు ఆనుకుని ఉంది. ఆ సంగతి ఆయనకు తెలియలేదు. తెలిసింది సాలవ్వకు.

"ఏందయ్యా, వేలు కాలుతున్నది, తెలుస్తలేదా?"

గిన్నె కింద పెట్టి చూసుకున్నాడు. వేలి పక్కన చర్మం తెల్లగా పొంగింది. నొప్పి మాత్రం లేదు.

"తెలిసింది," అన్నాడు.

సాలవ్వ భర్త ముఖంలోకి చూసింది. వెన్న తెచ్చి రాసింది. ఆమె వేళ్లు తన వేలి మీద కదలడం కనిపిస్తోందే గాని, తగలడం లేదు.

స్వామిదాసు ఎల్లారెడ్డి ఊళ్లోని క్రైస్తవ మిషను బడిలో పంతులు. చిన్నప్పుడు హాస్టల్లో ఉండగా అక్కడి ముసలి దొర ఆయనకు వయొలిన్ నేర్పాడు. దొర తన దేశానికి వెళ్లిపోతూ వాద్యాన్ని కూడా ఈయనకే ఇచ్చాడు. నిలబడి, గడ్డం కింద ఆనించి వాయించే పద్ధతి. ఆ చుట్టుపక్కల అలా వాయించేవాళ్లు ఇంకెవరూ లేరు. అందుకే కామారెడ్డి మిషను దవాఖాన డాక్టరు హెస్టర్ దొరసాని, కొత్త కాన్పుల వార్డు తెరిచే రోజు సాయంత్రం తన పియానోతో కలిసి వాయించమని ఆయన్ను అడిగింది. మూడు భాగాలుండే సొనాట అనే దొరల సంగీతం. వానాకాలమంతా శనివారం శనివారం బస్సెక్కి వెళ్లి సాధన చేశాడు.

ఆ వేలు మొద్దుబారడం సాధనలోనే మొదలైంది. ముందు అలసట అనుకున్నాడు. తర్వాత ఏమీ అనుకోకుండా ఉండడానికి ప్రయత్నించాడు. ఇప్పుడు వార్డు తెరిచే రోజు రానే వచ్చింది.

"పోకుంటే ఏమైతది?" అంది సాలవ్వ, ఆయన వయొలిన్ పెట్టె భుజానికి తగిలించుకుంటుంటే.

"పోకుంటే ఎందుకు రాలేదని అడుగుతరు."

"అడిగితే చెప్పు. ఆమె డాక్టరే గద."

"డాక్టరే గద," అని స్వామిదాసు ఆ మాటనే తిరిగి అన్నాడు. గడప దాటాడు.

రెండో ప్రపంచయుద్ధం మూలంగా పెట్రోలు దొరక్క బస్సు వెనక బొగ్గు పొయ్యి బిగించి, దాని గ్యాసుతో నడుపుతున్నారు. ఎత్తు వచ్చినప్పుడల్లా అది ఆయాసపడి ఆగేది. జనం దిగేవారు, తోసేవారు, మళ్లీ ఎక్కేవారు. ఆగిన ప్రతిసారీ స్వామిదాసుకు వెనక్కి నడిచిపోదామనిపించేది. కదిలిన ప్రతిసారీ ఇంకా వేగంగా పోతే బాగుండుననిపించేది. బొటనవేలి గోరుతో చిటికెన వేలిని గిచ్చుకుంటున్నాడు. గోటి గుర్తు పడుతోంది, అంతే.

బాలమల్లు గుర్తొచ్చాడు. పెద్దరోగం, అంటే కుష్ఠు, వచ్చిందని ఆయన్ను ఊరి బయట గుడిసెలో పెట్టారు. అన్నం గట్టు మీద పెట్టి వెళ్లేవారు. ఆయన బిడ్డ సత్యమ్మ బడిలో చదివేది. ఆ పిల్లకు ఏ రోగమూ లేదు. అయినా మిగతా పిల్లల తల్లిదండ్రులు వచ్చి గొడవ చేశారు. రేపటి నుంచి రావద్దని ఆ పిల్లకు చెప్పింది స్వామిదాసే. పిల్ల పలక చంకన పెట్టుకుని, "ఎల్లుండి రావాల్నా పంతులు?" అని అడిగింది.

దవాఖాన బంగళాలో పియానో దగ్గర దొరసాని కాగితాలు సర్దుతోంది. పొడుగాటి మనిషి, నెరిసిన జుట్టు. ఇరవై ఏళ్లుగా ఇక్కడే ఉండి పుస్తకాల తెలుగు మాట్లాడుతుంది.

"ఆలస్యమయింది. రండి, ఒకసారి మొత్తం చూసుకుందాం."

మొదటి భాగం సగం కాకముందే చేతులు ఆపింది.

"చిటికెన వేలు పెట్టడం లేదేమిటి? చేయి పైకి జరిపి మూడో వేలితో తీస్తున్నారు. స్వరం జారుతోంది."

"కాలింది దొరసాని. గిన్నె అంటుకున్నది."

ఆమె ఆ చేయి అందుకుని పొక్కు చూసింది. చాలాసేపు చూసినట్టు అనిపించింది ఆయనకు.

"నొప్పిగా ఉందా?"

"ఉన్నది. మస్తు నొప్పి."

దొరసాని కళ్లెత్తి ఆయన్ను ఒకసారి చూసింది. చేయి వదిలేసింది. "సరే, మొదటి నుంచి," అని మళ్లీ పియానో వైపు తిరిగింది.

సాయంత్రానికి హాలు నిండింది. తహసీల్దారు, స్టేషన్ మాస్టరు, గుమాస్తాలు, నర్సులు, కిటికీల దగ్గర ఊరివాళ్లు. ముందు వరుసలో కూర్చున్న వకీలు రామస్వామి, "పంతులూ, ఇది మన ఏ రాగానికి దగ్గరుంటది?" అని అడిగాడు. స్వామిదాసుకు ఆ ప్రశ్న వినబడింది గాని బుర్రకెక్కలేదు. "అవునండి," అన్నాడు. రామస్వామి పక్కాయన వైపు తిరిగి భుజాలెగరేశాడు.

మొదటి భాగం గడిచిపోయింది. రెండోది నెమ్మదిగా సాగేది. దాంట్లో ఒక స్వరాన్ని చిటికెన వేలితోనే చాలాసేపు నిలబెట్టాలి. వేలు పెట్టాడు. వేలి కింద తీగ ఉందో, వేలు పక్కకు పోయిందో తెలియలేదు. కమాను లాగాడు. వచ్చింది గీరుడు. నర్సుల్లో ఎవరో తల దించుకున్నారు. వేలిని కళ్లతో చూసి సరిచేసుకుంటూ ఎలాగో ఆ భాగం దాటించాడు. చెమట కళ్లలోకి దిగింది.

మూడోది వేగం. అందులో చూసి పెట్టుకునే తీరిక లేదు. ఆరంభించిన కాసేపటికే వేళ్లు చిక్కుపడ్డాయి. స్వామిదాసు ఆగిపోయాడు.

పియానో మాత్రం ఆగలేదు. దొరసాని ఆయన వైపు చూడకుండానే, ఆయన వాయించాల్సిన పాటను తన కుడిచేతిలోకి తీసుకుంది. కొంతదూరం ఒక్కతే నడిపింది. ఆ పాట తిరిగి మొదటికొచ్చే చోట మెల్లగా తల ఊపింది. స్వామిదాసు కమాను ఎత్తి, కింది తీగల మీద, మూడు వేళ్లతో, సగం స్వరాలు వదిలేసి ఆమె వెంట పోయాడు. అయిపోయింది. జనం చప్పట్లు కొట్టారు. చాలామందికి ఆగిపోవడం కూడా పాటలో భాగమే అనిపించినట్టుంది.

చప్పట్లు ఆగకముందే ఆయన వాద్యం పెట్టెలో పెట్టి వెనక వరండాలోకి వెళ్లాడు. దొరసాని అక్కడికే వచ్చింది. ఆమె చేతిలో కోడి ఈక ఉంది.

"కూర్చోండి. కళ్లు మూసుకోండి. నేను ఎక్కడ తాకితే అక్కడ వేలితో చూపించండి."

మణికట్టు చూపించాడు. బొటనవేలు చూపించాడు. ఆ తర్వాత ఏ స్పర్శా లేదు. ఎదురుచూసి, ఆగలేక కళ్లు తెరిచాడు. ఈక ఆయన చిటికెన వేలి మీదే ఉంది.

దొరసాని ఆయన మోచేతి వెనక తడిమి చూసింది. నరం తాడులా బిగిసి ఉంది. ఆమె ఈక కింద పెట్టింది.

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే వాయించనిస్తుంటిరా?"

ఆమె ఆయన ఎదుట కూర్చుంది.

"పొద్దున పొక్కు చూడగానే అనుమానం వచ్చింది. కచేరీ అయ్యాక చూద్దాంలే అనుకున్నాను. ఇన్నేళ్లలో నాకు తోడు వాయించే మనిషి దొరికింది మీరొక్కరే. మీరు దాచారు. నేనూ మిమ్మల్ని దాచనిచ్చాను. ఇది తొలిదశే. ఈ రోగానికి నూనె మందు సూదులున్నాయి. నొప్పి పెడతాయి, కాని తొందరగా మొదలుపెడితే నయమవుతుంది. వేలు తిరిగి వస్తుందని మాత్రం చెప్పలేను."

మరునాడు స్వామిదాసు ఎల్లారెడ్డి చేరేసరికి సాలవ్వ వాకిట్లోనే ఉంది. చెప్పాడు. ఆమె అరవలేదు, ఏడవలేదు.

"నాకు ఆ గిన్నె కాడనే సమజైంది. నీ నోట్ల నుంచి వస్తదేమోనని చూసిన."

దవాఖానలో చేరేముందు సెలవడగడానికి, బడి వ్యవహారాలు చూసే చర్చి సంఘపెద్ద యాకూబు దగ్గరికి వెళ్లాడు. యాకూబు గుమ్మంలోనే నిలబడి మాట్లాడాడు. లోపలికి రమ్మనలేదు.

"పంతులూ, నీ మీద నాకేం లేదు. కని పిల్లగాండ్ల తల్లులు ఒప్పుకోరు. నయమై వచ్చినంక గూడ ఒప్పుకోరు. నేనేం జేద్దు?"

స్వామిదాసు వాదించలేదు. ఇలాంటి మాటే ఆయన ఒక పిల్లకు చెప్పి ఉన్నాడు. వెళ్లేముందు బాలమల్లు గుడిసె దాకా నడిచాడు. ముసలాయన లేడు, ఎండాకాలంలోనే చనిపోయాడట. సత్యమ్మ ఒక్కతే కట్టెలు కొడుతోంది.

"నాకూ వచ్చింది బిడ్డా," అన్నాడు.

సత్యమ్మ గొడ్డలి దించి ఆయన్ను చూసింది. "సూదికి పోతున్నవా? పో. మా బాపును పొమ్మని చెప్పినోళ్లు లేకపాయె," అని మళ్లీ కట్టెల వైపు తిరిగింది.

రెండేళ్లకు పైగా దవాఖానలో ఉన్నాడు. సూది పడిన చోటల్లా తుంటి గడ్డకట్టేది. నయమైందని పంపించారు. వేలు వంగి అలాగే ఉండిపోయింది. బడి తిరిగి దొరకలేదు. సాలవ్వ అప్పటికే నాగిరెడ్డిపేటలో, పోచారం చెరువు నీళ్లు పారే కాలువ కింద, కొంత పొలం కౌలుకు పట్టి ఉంది. ఆయన అక్కడికే చేరాడు.

నాట్లు అయిపోయిన ఒక మధ్యాహ్నం, ఆయన కుదురుగా కూర్చోలేక గట్టు మీద అటూఇటూ తిరుగుతుంటే సాలవ్వ అంది, "ఆ పెట్టెన్న తియ్యి. నువ్వు గట్ల తిరుగుతుంటె నాకు కండ్లు తిరుగుతున్నయి."

వయొలిన్ తీసి శ్రుతి చేశాడు. సొనాట రెండో భాగం మూడు వేళ్లతో మొదలుపెట్టాడు. మధ్యమధ్య ఆగి ఊరికే నిలబడుతున్నాడు.

"ఏంది, మరిచినవా?"

"లేదు. ఇక్కడ దొరసాని వాయిస్తది. ఆమె అయ్యేదాకా నేను ఆగాలె."

"ఓహో," అంది సాలవ్వ. కాళ్లకంటిన బురద కాలువలో కడుక్కుంటూ, ఆయన మళ్లీ కమాను ఎత్తేదాకా తనూ మాట్లాడకుండా ఉంది.