సబ్బు అడగని చెయ్యి

వేడినీళ్ల బగోనెలో రెండు చేతులూ ముంచి కూర్చుంది బాలలక్ష్మి. పొద్దు పొడిచి గంట దాటినా వేళ్లు విచ్చుకోలేదు. కణుపులు వాచి ఎర్రబడ్డాయి, చిటికెన వేళ్లు పక్కకు ఒరిగిపోయాయి. రవిక హుక్కులు పెట్టుకోవడానికే అరగంట పడుతుంది. సాయం పట్టే మనిషి లేడు. భర్త భీవండి వెళ్లి ఇరవై ఏళ్లయింది, వచ్చే దారే మరిచాడు మహానుభావుడు.

కీళ్లవాతమని మంచిర్యాల డాక్టరు ఏడాది కిందే చెప్పి, ఇంటింటికీ తిరిగి గాజులు తొడిగే పని మానుకోమన్నాడు. మానుకుంటే ఆమెతో మాట్లాడేదెవరు? నస్పూర్ కాలనీలో ఎవరి చెయ్యి మెత్తనో, ఎవరి బొటనవేలి ఎముక మొండికేస్తుందో వాళ్ల తల్లులకన్నా ఆమెకే బాగా తెలుసు. మిగతా గాజులవాళ్లు గాజు సులువుగా జారడానికి సబ్బు అడుగుతారు. బాలలక్ష్మి ముప్పై ఏళ్లలో ఏ గడపలోనూ అడిగిన పాపాన పోలేదు. ఆమె గొప్పంతా అదే. జబ్బు సంగతి తెలిస్తే ఇక ఏ ఆడది చెయ్యి చాపుతుందని, ఎవరికీ చెప్పలేదు.

ఈరోజు మంజుల కూతురు కావ్య సీమంతం. ఆ పిల్ల పుట్టిన ఇరవై ఒకటో రోజున నల్లగాజులు వేసింది బాలలక్ష్మే. ఇవాళ ఒక్క గాజు చిట్లినా అపశకునమంటారు. ఆ భయంతోనే మలారం భుజాన వేసుకుంది. గాజులు గుచ్చిన ఆ తాడు ఈమధ్య రోజురోజుకూ బరువెక్కుతోంది.

మంజుల ఇంట్లో కావ్య పీట మీద కూర్చుని చెయ్యి చాపింది. చుట్టూ ఆడవాళ్లు. మొదటి గాజు ఎక్కింది. రెండోది బొటనవేలి దగ్గర ఆగింది. బాలలక్ష్మి ఆ అరచేతిని ముడవబోతే తన వేళ్లే ముడుచుకోలేదు. మణికట్టులో పుట్టిన మంట భుజం దాకా పాకింది.

"ఏమైందక్కా?" అంది మంజుల.

"ఏం లేదు. జర ఆగు."

కావ్య ఆ వేళ్ల వంక చూసింది. తర్వాత తల్లి వైపు తిరిగి గట్టిగా అంది: "అమ్మా, నా చేతులు మస్తు వాచినయ్. జర సబ్బు తే. పెద్దమ్మ పరేషాన్ అయితుంది."

కావ్య చేతులు వాచలేదు. అది వాళ్లిద్దరికే తెలుసు. సబ్బు నురగలో ఆ పిల్ల తన చెయ్యి తానే ముడిచి గాజుల్లోకి తోసుకుంది. బాలలక్ష్మి వేళ్లు ఊరికే పైన ఆనుకుని ఉన్నాయి. రెండు చేతులూ నిండాయి. ఒక్క గాజూ చిట్లలేదు.

"నొప్పైతుందా బిడ్డా?"

"లేదు పెద్దమ్మా. నీ చెయ్యి ఎన్నడన్న నొప్పి పెట్టిందా?"

బాలలక్ష్మికి ఏడుపు ఆగలేదు. సంతోషమనుకున్నారు అందరూ.

భోజనానికి ఆగకుండానే గేటు దాటింది.

"అక్కా, మలారం మరిచినవ్!" మంజుల కేకేసింది.

"ఉండనీ. రేపొచ్చి తీస్కపోత." వెనక్కి తిరగకుండానే అంది.

మర్నాడు రాలేదు, ఆ మర్నాడూ రాలేదు. వారం తర్వాత కావ్య వెళ్లి చూస్తే గదికి తాళం. గది ఖాళీ చేసి హుజూరాబాద్‌లో చెల్లెలి దగ్గరికి వెళ్లిపోయిందని ఇంటామె చెప్పింది. మంజుల ఇంట్లో మలారం గోడ మేకుకు అలాగే వేలాడుతోంది. ఫ్యాను వేసినప్పుడల్లా అందులోని పచ్చగాజులు గలగలమంటాయి.