పన్నెండో క్లాజు

హైస్కూల్లో సాంఘికశాస్త్రం చెప్పే రత్నమాల ఏటా ఒక పాఠాన్ని తొందరగా దాటించేసేది. పార్లమెంటులో చట్టం ఎలా తయారవుతుందో చెప్పే పాఠం అది. సభలో బిల్లు పెడతారు, కమిటీకి పంపుతారు, కమిటీ నివేదిక ఇస్తుంది, ఒక్కో క్లాజు మీదా సభ్యుల అభిప్రాయం అడుగుతారు, తర్వాత రెండో సభ, ఆపైన రాష్ట్రపతి సంతకం. పిల్లలు బట్టీపట్టి అప్పజెప్పేవారు. అందులోని కమిటీ ఒకరోజు తనకే ఫోన్ చేస్తుందని ఆమె కలలో కూడా అనుకోలేదు.

ఫోన్ ఢిల్లీ నుంచి వచ్చింది. లోక్‌సభ సచివాలయం అధికారి మాట్లాడాడు. గ్యాస్ పైపుల భద్రత బిల్లు మీద అభిప్రాయాలు పంపమని కమిటీ పేపర్లో ప్రకటన ఇస్తే ఆమె ఈమెయిల్ పంపింది. ఎవరూ చదవరనే ధైర్యంతోనే పంపింది.

"స్పీకర్‌గారి అనుమతితో కమిటీ అమలాపురంలో సమావేశమవుతోంది. మీరు వచ్చి సాక్ష్యం చెప్పాలి" అన్నాడు అధికారి.

ఫోన్ పెట్టేశాక ఆమె తను పంపిన ఈమెయిల్ తీసి మళ్ళీ చదువుకుంది.

మలికిపురం అవతల వాళ్ళ పేట వెనకనుంచి పాత గ్యాస్ పైపు పోతుంది. కిందటి వానాకాలం ఒక ఉదయం రత్నమాల పెరట్లో బట్టలు ఆరేస్తుంటే పంటబోదె కాలవ నీళ్ళలో బుడగలు కనిపించాయి. అవతలి గట్టున ఎవరో కొబ్బరికమ్మలు కాలుస్తున్నారు. చూస్తుండగానే నీళ్ళ మీద నీలంగా మంట పాకింది. గట్టెక్కి, పక్కింటి సుందరి వంటపాకలోకి దూరి, ఆమె రెండు చేతులూ కాల్చేసింది. అప్పటికి సుందరి పొయ్యే వెలిగించలేదు. వచ్చిన కంపెనీవాళ్ళు మాత్రం ఆమె సిలిండరే లీకయిందని రాసుకుని వెళ్ళిపోయారు.

ఆ రోజు నుంచి పేటలో ఎవరూ వాసన చూడకుండా అగ్గిపుల్ల గీయడం లేదు.

"నువ్వెళ్ళొద్దు" అన్నాడు ఆమె భర్త జయప్రకాష్. అతను ముత్యాలరాజు దగ్గర వ్యాన్ డ్రైవరు. ఆ పైపులైను బాగోగులు చూసే కాంట్రాక్టరు ముత్యాలరాజే.

"నేను చెప్పేది ఆయన మీద కాదు, పైపు మీద."

"ఇక్కడ రెండూ ఒకటే. ఆ సంగతి నీకూ తెలుసు."

ఆదివారం వాళ్ళు చర్చి నుంచి వచ్చేసరికి ముత్యాలరాజు అరుగు మీద కూర్చుని ఉన్నాడు. రత్నమాల టీ ఇచ్చింది. తాపీగా తాగాడు.

"టీచర్‌గారూ, కమిటీ వాళ్ళు పిలిచేరంట గదండీ?"

"ఆయ్, పిలిచేరండి."

"వెళ్ళండి, పెద్దోళ్ళు పిలిచేక వెళ్ళాలి. మాట మాత్రం చూసుకుని మాటాడండి." గ్లాసు కింద పెట్టి నవ్వాడు. "పాపని స్కూలు ఆటోలో పంపుతున్నారు గదా? ఆ కాలవగట్టు రోడ్డు అసలు మంచిది కాదండీ."

మర్నాటి నుంచి జయప్రకాష్ పాపను ఆటో ఎక్కనివ్వలేదు, తనే దింపి వచ్చేవాడు.

అమలాపురం గెస్ట్‌హౌస్ ముందు పోలీసులు, కార్లు. వరండాలో కంపెనీ అధికారులు తమ వంతు కోసం కూర్చున్నారు. వాళ్ళ మధ్యనుంచి ముత్యాలరాజు లేచి ఆమెకు దండం పెట్టాడు. రత్నమాల తల దించుకుని లోపలికి నడిచింది.

లోపల బల్లల చుట్టూ రెండు సభల ఎంపీలూ ఉన్నారు. టీవీలో ఒకరినొకరు తిట్టుకునే పార్టీలవాళ్ళు ఇక్కడ పక్కపక్కనే కూర్చుని కొబ్బరినీళ్ళు తాగుతున్నారు. కమిటీకి అధ్యక్షురాలు ఉత్తరాది పెద్దావిడ. ఆమె హిందీలో అన్నది దుబాసీ తెలుగులో చెప్పాడు.

"మీరు చెప్పేదంతా బహిరంగం కావచ్చు. రహస్యంగా ఉంచమని మీరు కోరవచ్చు. అలా కోరినా, పార్లమెంటు సభ్యులకు అది అందుబాటులో ఉండొచ్చు. ఏమంటారు?"

ఈ ముక్క పాఠంలో లేదు. రహస్యమనేస్తే ఇంటికి పోయి తలుపేసుకోవచ్చు అనిపించింది రత్నమాలకు. కానీ తనెందుకు వచ్చిందో వరండాలో ఉన్న మనిషికి ముందే తెలుసు. ఇప్పుడు దాచమంటే దాగిపోయేది సుందరి చేతుల సంగతి ఒక్కటే.

"బహిరంగంగానే ఉండనివ్వండి" అంది.

బుడగల గురించి, మంట గురించి చెప్పింది. ఒక సభ్యుడు కళ్ళజోడు సర్దుకుని, "మీకు పైపుల ఇంజినీరింగ్ తెలుసా?" అన్నాడు.

"తెలీదండి. నేను చూసిందే చెప్తున్నాను."

"బిల్లులో ఏం మార్చాలంటారు?" అని అడిగింది అధ్యక్షురాలు.

"పన్నెండో క్లాజండి. పైపు తనిఖీ కంపెనీయే చేయించుకోవాలని ఉంది. అది బయటివాళ్ళతో చేయించాలండి. మా పైపు చూసే కాంట్రాక్టరుగారు బయట వరండాలో ఉన్నారండి. ఆయన మొన్న మా ఇంటికొచ్చేరు. మా పాప స్కూలుకెళ్ళే దారి గురించి మాటాడేరు."

ఆ చివరి మాటలు చెప్పాలని ఆమె అనుకోలేదు.

"కమిటీ ముందుకొచ్చే సాక్షిని బెదిరిస్తే అది సభాహక్కుల ఉల్లంఘన" అంది అధ్యక్షురాలు మెల్లగా. "దీన్ని స్పీకర్‌గారి దృష్టికి తీసుకెళ్తాను."

ఆ మాటతో ధైర్యం రావాలి. రత్నమాలకు మాత్రం భయం ఇంకా పెరిగింది. స్పీకర్ ఎక్కడో ఢిల్లీలో ఉన్నారు. తాను ఇప్పుడు ఆ వరండా దాటి వెళ్ళాలి.

మర్నాడే ముత్యాలరాజు మనుషులు జయప్రకాష్ దగ్గర వ్యాన్ తాళాలు తీసేసుకుని, ఇక పనిలోకి రావద్దన్నారు. పాపకు ఏమీ కాలేదు. ఢిల్లీ నుంచి ముత్యాలరాజుకు సంజాయిషీ నోటీసు వచ్చిందని ఊళ్ళో చెప్పుకున్నారు. అయినా గేటు ముందు బండి ఆగినప్పుడల్లా రత్నమాల కిటికీలోంచి తొంగి చూసేది.

తనిఖీ బయటి సంస్థతోనే చేయించాలని కమిటీ నివేదిక ఇచ్చింది. అయితే కమిటీ చెప్పేది సలహాయే, ప్రభుత్వం ఒప్పుకోవాలని లేదు. బిల్లు లోక్‌సభకు వచ్చిన రోజు రత్నమాల, సుందరి టీవీ ముందు కూర్చున్నారు. సభలో ఇంకేదో గొడవ. సభ్యులు అట్టలు పట్టుకుని పోడియం దగ్గర అరుస్తున్నారు. ఆ రభసలోనే క్లాజులు గబగబా చదివేస్తున్నారు. పన్నెండో క్లాజుకు సవరణ అన్న మాట వినిపించింది. తర్వాత అంతా హోరు.

"ఏమన్నారండీ? అవునన్నారా, కాదన్నారా?" ముడతలు పడ్డ చేతులతో సుందరి ఆమె భుజం పట్టుకుంది.

"నాకూ వినపడలేదు సుందరీ."

సవరణ నెగ్గిందని సాయంత్రం వార్తల్లో తెలిసింది. అక్కడితో అయిపోలేదు. రాజ్యసభలో ఆమోదం తర్వాతి సమావేశాలకు పడింది. ఆపైన రాష్ట్రపతి సంతకం, గెజిట్, నియమాలు. పాఠంలో ఒక్క పేరాలో అయిపోయే దారి అది. అన్నాళ్ళూ పైపు మాత్రం ఆ పాతదే, గ్యాస్ పారుతూనే ఉంది.

చివరికి చట్టం అమల్లోకొచ్చి, బయటి సంస్థ ఇంజినీర్లు వచ్చారు. సుందరి పాక వెనక తవ్వి, పైపుమీద మట్టి దులిపి, స్క్రూడ్రైవర్‌తో గీకారు. తుప్పు పెచ్చులుగా రాలింది, లోపల ఇనుము రేకంత పల్చగా ఉంది. వాళ్ళలో పెద్దాయన వెంటనే ఫోన్ తీశాడు. గ్యాస్ ఆపించి, పేటంతా ఖాళీ చేయించాడు. జనమంతా స్కూలు వరండాలో చేరారు. ఇన్నేళ్ళూ దేని మీద పిల్లల్ని పడుకోబెట్టారో వాళ్ళకి ఇప్పుడు తెలిసింది.

అప్పుడు ముత్యాలరాజు వచ్చాడు. చొక్కా బొత్తాలు కూడా సరిగా పెట్టుకోలేదు. అతన్ని చూడగానే రత్నమాల పాపను దగ్గరికి లాక్కుంది.

"టీచర్‌గారూ, మా ఇల్లూ ఆ లైను మీదేనండి. అమ్మ మంచం మీదుంది, లేవలేదు. అక్కడ కూడా తవ్వి చూడమని మీరో మాట చెప్తారా? నేనడిగితే ఆ పెద్ద ఇంజినీరుగారు మొహం తిప్పుకుంటున్నారండీ."

ఆ మొహం చూస్తే రత్నమాలకు కాలవగట్టు రోడ్డే గుర్తొస్తోంది.

జయప్రకాష్ లేచాడు. "ముందు అమ్మగారిని ఇక్కడికి తెద్దాం పదండి. మంచం అటు నేను పడతాను."

ఇద్దరూ గేటు దాటి వెళ్ళారు. రత్నమాల పాప చెయ్యి సుందరికి అందించి, ఇంజినీరుతో మాట్లాడడానికి బయల్దేరింది.